సెంటర్‌లో మూర్తిగారు

...పైగా మనిషికి తానెటువైపు నిలబడ్డాడో తెలియకపోవడం అంత అరుదైన సంగతేమీ కాదు. నేను పాఠం చెప్పే పుస్తకాల్లో దానికో పేరుంది. పలికితే జబ్బులా వినిపిస్తుంది, పలక్కపోతే మామూలు బతుకులాగే ఉంటుంది. ఆ వేసవిని తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ పేరు దగ్గరికే వెళ్తాను. అది నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళదు. తిరిగి తిరిగి సున్నం గీత దగ్గరికి వచ్చి ఆగుతాను.

అది రెండువేల ఒకటో సంవత్సరం. ఏప్రిల్‌లో కాలువ కట్టేశారు. పూడిక తీయడానికీ, లాకుల తలుపులు బాగుచెయ్యడానికీ ఏటా కట్టేస్తారు. నీళ్ళు పోయాక కాలువ అడుగున ఊరు దాచుకున్నవన్నీ బయటపడతాయి: సైకిల్ చక్రాలు, పగిలిన బొమ్మలు, ఒంటి చెప్పులు. మా నాన్న సూర్యనారాయణమూర్తి ఆ లాకుల మీదే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నా పెళ్ళి రెండేళ్ళలో ముగిసిపోయాక నేను అమ్మానాన్నల దగ్గరికే వచ్చేసి, ఊళ్ళో బీఎడ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. వేసవి సెలవులు. చెయ్యడానికి పనిలేక సాయంత్రాలు నాన్నతో గ్రౌండుకి వెళ్ళేవాణ్ణి.

గ్రౌండంటే మునిసిపాలిటీ వాళ్ళ క్రీడా ప్రాంగణం. గేటు మీద ఆ పేరే రాసుంటుంది గానీ ఎవరూ అలా అనరు. డాక్టరు నడవమన్నవాళ్ళూ, వాళ్ళకి తోడొచ్చినవాళ్ళూ చుట్టూ నడుస్తుంటారు. ఈతకొలను గోడ మీద నీలం డాల్ఫిన్ బొమ్మ, ఒక కన్ను పెచ్చూడిపోయి. వేసవి శిబిరం పిల్లలు తలా ఒక ఉడకబెట్టిన గుడ్డు పట్టుకుని అరటిపండు కోసం లైన్లో నిలబడతారు. క్యారమ్స్ గది, పేపర్లు చదివే గది. తూర్పు మూల మట్టి కోర్టు. అక్కడ బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు, పసుపుపచ్చ ఉన్ని బంతితో, అటు ఐదుగురు ఇటు ఐదుగురు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, నడుమ ఒకరు. ఆ నడిమి మనిషిని సెంటర్ అంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఊరికి సెంటర్ మా నాన్నే.

ఆ కోర్టుకి అదే ఆఖరి వేసవి. మే నెల టోర్నమెంటు అవగానే తవ్వేసి షటిల్ హాలు కడతారని అప్పటికే ఇటుకలు దింపారు. అయినా రోజూ నాలుగింటికి ఆటగాళ్ళే వచ్చి కోర్టుకి నీళ్ళు చల్లి, ఆరనిచ్చి, రోలరు లాగేవారు. ఆ పని ఇంకెవరికీ వదిలేవారు కాదు. సున్నం గీతలు మాత్రం నాన్నవి. తాడు కట్టకుండా, చిల్లుల డబ్బా చేత్తో పట్టుకుని, కంటి అంచనాతో గీసేవారు. లాకు దగ్గర నీటిమట్టం చూసిన కన్ను అది.

ఆ రోజు వెనక గీత గీస్తూ మూల దాకా వచ్చారు. అక్కడ తిరగాలి. తిరగలేదు. డబ్బా తడుతూ, తల వంచుకుని, అదే నడకతో ముందుకి పోతూనే ఉన్నారు. గీత కోర్టు దాటింది, నడిచేవాళ్ళ దారికి అడ్డంగా పడింది. ఒకావిడ దాన్ని తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. గీత డాల్ఫిన్ బొమ్మ వైపు పోతోంది.

"మూర్తిగారండోయ్!" అని కేకేశాడు అచ్చిబాబు. సోడా కొట్టు అతనిది. ముందు వరసలో ఆడతాడు, నోరూ కాలూ ఒక్కచోట నిలవవు. "కోర్టు మొగల్తూరు దాకా పెంచేస్తున్నారేంటండీ? అంత కోర్టుకి సెంటరంటే మీరు మోటారు సైకిలెక్కాల్సిందే!"

అందరూ నవ్వారు. నాన్న ఆగి, వెనక్కి తిరిగి, తాను గీసిన గీతని చూశారు. ఎవరో గీసిన గీతని చూసినట్టు చూశారు. తర్వాత ఆయనా నవ్వారు. ఆ నవ్వు రావడం కొంచెం ఆలస్యమైంది.

ఆ ఆలస్యాన్ని నేను చూశాను. నాతోపాటు చూసినవాడు చంద్రరావుగారు. బట్టల కొట్టు ఆయనది. ముప్పై ఏళ్ళుగా నాన్న వెనకే, కోర్టు కుడివైపున నిలబడి ఆడుతున్నాడు. వెళ్ళి, డాల్ఫిన్ దగ్గర మొదలుపెట్టి మూల దాకా ఆ గీతని అరికాలితో చెరుపుకుంటూ వచ్చాడు.

*

రాజమండ్రిలో డాక్టరు మంచివాడు. నవ్వుతూ అడిగాడు.

"ఇది ఏ సంవత్సరమండీ మూర్తిగారూ?"

"మీకు తెలియందా అండీ," అన్నారు నాన్న, అంతే మర్యాదగా.

"పోనీ ఇప్పుడు ఏ కాలం?"

"కాలువ కట్టేసిన కాలమండి."

డాక్టరు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ జవాబు తప్పని ఎవరు చెప్పగలరు? బయటికి వచ్చాక ఆ పేరు చెప్పాడు. నాకు తెలిసిన పేరే. దానికి మందులు పెద్దగా లేవని నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. "రోజూ గుర్తు చేస్తూ ఉండండి. ఒంటరిగా వదలకండి," అన్నాడు. చెయ్యడానికేదో ఒకటి దొరికినందుకు నేను మొదటి మాటని గట్టిగా పట్టుకున్నాను.

హాల్లో నల్లబల్ల తగిలించాను. వారం, తేదీ, ఊరు, నా పేరు. పొద్దున కాఫీ అవగానే అడిగేవాణ్ణి. తప్పు చెబితే దిద్దేవాణ్ణి. అరిచేవాణ్ణి కాదు, పాఠం చెప్పే గొంతుతోనే. ఆయన బల్లవైపు చూడకుండా చెప్పాలని ప్రయత్నించేవారు. చెప్పలేనప్పుడు తువ్వాలుతో మొహం తుడుచుకునేవారు, చెమట పట్టకపోయినా.

"పరీక్షలు పెట్టకురా విశ్వం," అంది అమ్మ ఒకరోజు, వంటింట్లోంచే. "మీ కాలేజీకి సెలవులిచ్చారు, మీ నాన్నగారికి ఇవ్వవా?"

"అలా వదిలేస్తే ఇంకా తొందరగా పోతుందమ్మా."

"ఏది?"

నా దగ్గర జవాబు ఉంది. అది పుస్తకంలో ఉన్న జవాబు. అమ్మ వంకాయలు తరుగుతోంది, కత్తిపీట చప్పుడు ఆగలేదు. "నిన్న నన్ను, మీదేవూరండీ అని అడిగారు," అంది. "అంతర్వేది దగ్గరండీ, అన్నాను. మా అత్తారిదీ అటే, మంచి ఊళ్ళండీ అవి, అన్నారు. కాసేపు మా ఊరి గురించి మాట్లాడుకున్నాం. పెళ్ళైనప్పటినుంచీ ఆయన మా ఊరిని మెచ్చుకోవడం అదే మొదటిసారి."

అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. నేను వెళ్ళి చూడలేదు కూడా.

టోర్నమెంటు దగ్గరపడ్డాక చంద్రరావుగారు ఇంటికొచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాన్న లోపల గదిలో పడుకుని ఉన్నారు.

"పేర్లివ్వాలి విశ్వం," అన్నాడు. "సెంటర్ ఆయనే. అందులో మాట లేదు. నీకొక మాట చెబుదామని వచ్చాను."

"వద్దండీ," అన్నాను. "ఊరంతా వస్తుంది. నలుగురి మధ్యా ఏదైనా అయితే ఆయన తట్టుకోలేరు. జనం నవ్వుతారు."

"నవ్వనీ," అంది అమ్మ. "సున్నం గీసినప్పుడు నవ్వలేదా? ఆయనా నవ్వారట కదా, అచ్చిబాబు చెప్పాడు."

"అది వేరమ్మా."

"వెనక నేనున్నానుగా విశ్వం," అన్నాడు చంద్రరావుగారు, గ్లాసులోకి చూస్తూ. "ఆయన వదిలేసిన బంతి నేను తీసుకుంటాను. ఈ రెండేళ్ళూ చేస్తున్నదదే."

రెండేళ్ళు. నాకు తెలిసింది నెల్లాళ్ళ కిందట.

ఆ సాయంత్రం నాన్నతో కాలువ గట్టు మీద నడిచాను. కాలువలో కూలీలు పూడిక ఎత్తి గట్టున పోస్తున్నారు. వడగాలి తగ్గింది గానీ నేల వేడి ఇంకా చెప్పుల్లోంచి తగులుతూనే ఉంది. నాన్న ఆగి, అడుగున మిగిలిన బురదని చాలాసేపు చూశారు.

"చంద్రరావుతో నువ్వన్నది విన్నాన్రా," అన్నారు.

నేనూ బురదలోకే చూశాను.

"బంతి వస్తున్నప్పుడు నాకన్నీ తెలుస్తాయి. ఎవరు ఎక్కడున్నారో, నేనెక్కడుండాలో. బంతి లేనప్పుడే..." అని, చేత్తో గాల్లో ఏదో చూపించబోయి, ఆ చెయ్యి ఎక్కడ దించాలో తెలియనట్టు నా భుజం మీద వేశారు. "నన్ను ఆపెయ్యకురా. ఈ ఒక్కసారీ. ఆ తర్వాత ఎలాగూ కోర్టే ఉండదు కదా."

సరేనన్నాను. ఆ మాటతో నాలో బరువు దిగిందో ఎక్కిందో ఇప్పటికీ చెప్పలేను.

*

మొగల్తూరు జట్టు వ్యానులో వచ్చింది. వాళ్ళ సెంటర్ గణేష్‌బాబు ముప్పై ఏళ్ళవాడు, పొడుగు, రొయ్యల చెరువులున్నాయట. దిగగానే నేరుగా వచ్చి నాన్నకి నమస్కారం పెట్టాడు. "చిన్నప్పుడు నరసాపురంలో మీ ఆట చూశానండి మూర్తిగారూ. ఆ రాత్రే మా నాన్నని బ్యాట్ కొనమని చంపుకు తిన్నాను."

"కొన్నారా మరి?" అన్నారు నాన్న.

"బెత్తం కొన్నాడండి."

నాన్న పగలబడి నవ్వారు. ఆలస్యం లేదు. గ్యాలరీలో కూర్చుని నేను దాన్ని కూడా గమనించాను. మనుషులని గమనించడం తప్ప ఇంకేం చెయ్యాలో నాకెప్పుడూ తెలియలేదు.

ఊరంతా వచ్చింది. కోర్టు ఆఖరిసారని పేపర్ల గది వాళ్ళూ, నడిచేవాళ్ళూ, తడి జుట్లతో ఈత పిల్లలూ వచ్చారు. అమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుంది. ఎప్పుడూ ఆట చూడ్డానికి రాని మనిషి.

మొదటి ఆట నాన్నది. అలా అనడమే న్యాయం. పెద్దగా పరిగెత్తలేదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఉన్నారు. చంద్రరావుగారు వెనకనుంచి సాయానికి రెండడుగులు వేసి, అవసరం లేక వెనక్కి పోవడం చూశాను. గణేష్‌బాబు బలంగా కొట్టిన బంతిని నాన్న మణికట్టు తిప్పి నెట్ పక్కన రాల్చేసినప్పుడు మొగల్తూరు వాళ్ళే "అబ్బ!" అన్నారు. ఆట మనం గెలిచాం.

ఆట ఆటకీ వైపులు మారాలి. ఆటగాళ్ళు బయటికొచ్చి మజ్జిగ తాగారు, మొహాలు కడుక్కున్నారు. అచ్చిబాబు ఎవరినో ఏడిపిస్తున్నాడు. తర్వాత ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు వెళ్ళారు. నాన్న తువ్వాలు మడిచి బెంచీ మీద పెట్టి, బ్యాట్ తీసుకుని, ఇందాక నిలబడ్డ చోటికే నడిచారు. ఇందాకటి వైపుకే. నడుమ నిలబడ్డారు. మోకాళ్ళు కొంచెం వంచి, ఎదురుగా చూస్తూ, సర్వీసు కోసం సిద్ధమయ్యారు.

చుట్టూ మొగల్తూరు వాళ్ళున్నారు. నెట్‌కి అవతల మన నలుగురు. సెంటర్ ఖాళీ.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. గ్యాలరీలో చప్పుడు నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది. అచ్చిబాబు నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి కాబోలు, మూసేశాడు. చంద్రరావుగారు ఒక అడుగు వేసి ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇటు తీసుకురావాలి. నాన్నా, ఇటు కాదు, అటు. రోజూ పొద్దున చెప్పే గొంతు గొంతులోకి వచ్చేసింది.

గణేష్‌బాబు నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. అది అతని చోటు. ఒక క్షణం నాన్న మొహంలోకి చూశాడు. ఏం చూశాడో నాకు తెలియదు. తర్వాత తలపాగాలా కట్టుకున్న రుమాలు సర్దుకుని, తనవాళ్ళతో "మూర్తిగారున్నారు, చూసుకుని ఆడండి," అని మామూలుగా చెప్పి, వంగి నెట్ కిందనుంచి దూరి, అవతలికి వెళ్ళి, మన నలుగురి నడుమ నిలబడ్డాడు.

అంపైరు ఎత్తు కుర్చీలో కాసేపు కదల్లేదు.

"లవ్ ఆల్," అన్నాడు. "ప్లే."

ఆడారు. నాన్న మొగల్తూరు తరఫున ఆడారు. చంద్రరావుగారికి ఎడంచేతివైపు బంతి అందదని ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆ ఆట మొగల్తూరు గెలిచింది. "ఇన్నాళ్ళూ ఈయన మనవైపుండబట్టే బతికాం రా బాబూ," అన్నాడు అచ్చిబాబు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

మూడో ఆటకి మళ్ళీ వైపులు మారారు. నాన్న మాత్రం మళ్ళీ అక్కడే నిలబడ్డారు. ఈసారి అందరూ మారి మనవాళ్ళు ఆయన చుట్టూ వచ్చి చేరారు. గణేష్‌బాబు తన వాళ్ళతో అవతలే ఉండిపోయాడు. నాన్న కదల్లేదు, ఊరే తిరిగి ఆయన దగ్గరికి వచ్చింది. మూడో ఆటలో సగంలో ఇంకోసారి మారాలి. అంపైరు ఆ సంగతే ఎత్తలేదు. మొగల్తూరు వాళ్ళూ ఎత్తలేదు. ఓడిపోయాం, కొద్దిలో.

అమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. నేనూ నాన్నా గట్టు మీదనుంచి నడిచి వచ్చాం. బ్యాట్ నేను పట్టుకున్నాను. మొదటిసారి ఆయన్ని దిద్దదలచుకోలేదు.

"ఆ మొగల్తూరు అబ్బాయి పేరేంట్రా?"

"గణేష్‌బాబు."

"మంచివాడు. నాకు చోటిచ్చాడు."

నేను ఆగిపోయాను. ఆయన ఆగలేదు. రెండడుగులు వేసి అందుకున్నాను. "ఎప్పుడు తెలిసింది నాన్నా?"

"బంతి రాగానే. ఎదురుగా చంద్రరావు కనిపించాడు. చంద్రరావు నాకు ఎదురుగా ఉండటమేంటి అనుకున్నాను."

"మరి... అప్పుడే రావచ్చు కదా."

"ఆట మొదలైపోయింది కదరా," అన్నారు నాన్న. "మధ్యలో ఎలా వస్తాను?"

*

మర్నాడు నాలుగింటికి ఆటగాళ్ళు నాన్నని పిలవడానికి వచ్చారు. కోర్టు తవ్వడానికి ఇంకా వారముంది. "ఎండ ఎక్కువగా ఉందండి," అన్నారు నాన్న. ఆ మర్నాడూ అదే అన్నారు. మబ్బు పట్టిన రోజు కూడా అదే అన్నారు. చంద్రరావుగారు అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు సున్నం డబ్బా కూడా తెచ్చాడు, ఏదో వంక పెట్టి. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదండీ ఇది?" అన్నారు.

బ్యాట్‌ని అమ్మ పాత దిండుగలీబులో పెట్టి అటక మీద దాచింది. కోర్టు తవ్వేరోజు యంత్రం చప్పుడు మా వీధిదాకా వినిపించింది. నాన్న భోజనం చేస్తున్నారు. తల ఎత్తలేదు.

ఆ తర్వాత అంతా చాలా తొందరగా జరిగింది. బంతి వస్తేనే అన్నీ తెలుస్తాయన్న మనిషికి ఇక ఏ వైపునుంచీ బంతి రాలేదు. నల్లబల్ల మీద నేను రాస్తూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున చూస్తే అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచేసి, మేకుకి తన తువ్వాలు ఆరేసింది. కానీ నోటితో అడగడం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టవుతుందని. ఏం ఒప్పుకున్నట్టో నాలో నేను ఎన్నిసార్లు విప్పి చూసుకున్నా, అడుగున ఒక చిన్న మాటే ఉండేది. ఆయన నన్ను రా అని పిలవాలి. ఈ ప్రపంచంలో నన్ను అలా పిలిచే మగమనిషి ఆయనొక్కరే.

"ఎవరండీ?" అనేవారు.

"నాన్నా, నేను విశ్వాన్ని."

అప్పుడు ఆయన మొహంలోకి పరీక్ష తప్పిన పిల్లవాడి భయం వచ్చేది. చెమట లేని మొహాన్ని తువ్వాలుతో తుడుచుకునేవారు. మళ్ళీ కాసేపటికి, "ఎవరండీ?"

జూన్ మధ్యలో కాలువ వదిలారు. నీళ్ళొస్తున్నాయని వీధిలో కేకలు వినిపించాయి. ఎండుటాకులూ, నురగా, ఊరు విసిరేసినవన్నీ ముందు తోసుకుంటూ ఎర్రనీళ్ళు వస్తాయి. చూడ్డానికి అందరూ గట్టు మీదకి వెళ్ళారు. అమ్మ కూడా వెళ్ళింది. మా అరుగు మీదనుంచి కాలువ కనిపిస్తుంది. నాన్న పడక కుర్చీలో, నేను ఆయన ఎడంపక్క ఇనప కుర్చీలో కూర్చున్నాం.

నీళ్ళు నాన్న కళ్ళముందునుంచే పోయాయి. ఆ నీటిని వదిలీ కట్టీ బతికిన మనిషి, ఎవరి పెరట్లోనో నీళ్ళు పారుతున్నట్టు చూశారు. తర్వాత నావైపు తిరిగారు. మొహం ప్రశాంతంగా ఉంది. కుడిచెయ్యి మోకాలి మీద సగం మూసుకుని ఉంది, పిడి పట్టుకున్నట్టు.

"బాగా ఆడారండీ," అన్నారు.

నేను నోరు తెరిచాను.

"మీది మొగల్తూరే కదండీ?"

నాన్నా, నేను. ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. అవి అంటే ఏమవుతుందో తెలుసు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది.

"అవునండి," అన్నాను.

ఆయన తల ఊపారు. లేవబోయి, లేవలేక, కుర్చీ చేతుల మీద వాలి, తన కుడిపక్క అరుగుని మర్యాదగా చూపించారు.

"సైడు మారాలి కదండీ," అన్నారు.

నేను లేచాను. ఇనప కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని, ఆయన ముందునుంచి వంగి నడిచి, అటువైపు వేసుకుని కూర్చున్నాను.